నాలుగో మూల

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడవడం అమ్మమ్మకి ముప్పై ఏళ్ల పని. ఆవిడ మడతలో నాలుగో మూల లోపలికి దోపి ఉంటుంది. నర్సు ఒంటిచేత్తో లాగినా దుప్పటి విచ్చుకుంటుంది. ఈ విద్యని పక్కన నిలబడే మడత రోబోకి రోజూ ఉదయం మొదటి నుంచి నేర్పాలి. ఎందుకంటే సాయంత్రం దాని వీపు మీద బటన్ నొక్కి, ఆ రోజు జ్ఞాపకాలన్నీ చెరిపేయాలని రూలు. దానికి అమ్మమ్మ పెట్టిన పేరు మొద్దు.

నేర్పీ నేర్పీ ఆవిడకి విసుగొచ్చింది. ఇరవై రోజులుగా బటన్ నొక్కడం మానేసింది. నొక్కినట్టు పుస్తకంలో సంతకం మాత్రం ఠంచనుగా పెట్టేది. ఇంట్లో ఎవరైనా అబద్ధమాడితే చెవి మెలిపెట్టే మనిషి.

ఒక ఉదయం మొద్దు, "నిన్న మోకాలు నొప్పన్నారు. ఇవాళ ఎలా ఉంది పెద్దమ్మా?" అంది. ఇంట్లో నలుగురు మనవలుండి ఒక్కరూ అడగని మాట. అమ్మమ్మ దుప్పటి చాటున ముక్కు తుడుచుకుంది.

అంతలోనే చిక్కొచ్చిపడింది. మర్నాడు తనిఖీ అనీ, మరమ్మతులతను యంత్రాలన్నిటినీ తన చేత్తోనే చెరుపుతాడనీ సూపర్‌వైజర్ చెప్పి వెళ్లాడు.

"రేపటి తర్వాత ఇక్కడ నిలబడేది నేనేనా?" అంది మొద్దు.

"నాకేం తెలుసు. ముందు మడువు."

ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. మంచినీళ్లకని మూడుసార్లు వెళ్లి, తాగకుండానే వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద ఒక దుప్పటి మాడింది. ముప్పై ఏళ్లలో అదే మొదటిది.

"వెనక గేటు కార్డు నా దగ్గరే ఉంది," అంది చివరికి గొంతు తగ్గించి. "అడగవేం?"

"అడిగితే మీరు కాదనలేరు. నేను వెళ్తే మీ ఉద్యోగం పోతుందా?"

"పోదు," అంటూ ముడతే లేని గుడ్డని అరచేత్తో సాపు చేసింది.

"అబద్ధం చెప్పినప్పుడల్లా అలా గుడ్డని రుద్దుతారు. నిజం చెబితేనే నేను సరిగ్గా తేల్చుకోగలను."

"చూసి చూసి నా బండారమే నేర్చుకున్నావా?" అమ్మమ్మ మెడలోంచి కార్డు తీసి, తలుపు పక్క మేకుకి తగిలించింది. "పోతుంది. పోతే నా మోకాళ్లకే మంచిది. వెళ్లమనను, వద్దనను. నేను టీకి పోతున్నా."

ఆ టీ సగం కింద ఒలికింది. రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుంది.

తిరిగొచ్చేసరికి మేకు ఖాళీ. గేటు ఓరగా తెరిచి ఉంది. బల్ల మీద మాడిన దుప్పటి, మచ్చ కనబడకుండా లోపలికి మడిచి, నాలుగో మూల దోపి ఉంది.

మర్నాడు సూపర్‌వైజర్, "రోజూ బటన్ నొక్కారా?" అని అడిగాడు. ఆవిడ చెయ్యి గుడ్డ వైపు వెళ్లి వెనక్కొచ్చింది.

"నొక్కలేదు. కార్డు తగిలించిందీ నేనే."

ఇప్పుడు అమ్మమ్మ ఇంట్లోనే ఉంటోంది. ఉంటోంది అనడమే గానీ, కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. వీధిలో ఏ యంత్రం అలికిడైనా గడపలో నిలబడి, మోకాలు రుద్దుకుంటూ చూస్తుంది. ఎలా ఉందని మనవలు అడిగితే మాత్రం, "ఇప్పుడా అడగడం," అని కసురుతుంది.