ఫోనులో విన్న బండి

పెద్దమ్మ చనిపోయిన సంగతి నాకు సిరిసిల్ల బస్టాండులో తెలిసింది. తంగళ్ళపల్లి వైపు ఉన్న మా బడికి పోయే బస్సు కోసం నిలబడి ఉండగా కోరుట్ల నుంచి ఫోను వచ్చింది. చేసింది పెద్దమ్మ పక్కింట్లో ఉండే వదిన.

"మేడం, పెద్దమ్మ లేదు. పొద్దెక్కినా తలుపు తీయకపోతే మా ఆయన పోయి సూసిండు. నిద్రల్నే పోయింది" అని, "నీకు ముందుగాల చెప్పాలె అనిపించింది" అంది.

బస్సు వచ్చింది, నిండింది, పోయింది. నేను ఎక్కలేదు. ఆమె నాకు చుట్టం కాదు. కోరుట్లలో ఆమె ఇంటి వెనక గదిలో తొమ్మిదేళ్ళు అద్దెకు ఉన్నాను. సెలవు కోసం బడికి ఫోన్ చేస్తే "మీకు ఏమవుతారు?" అని అడిగారు. "పెద్దమ్మ" అన్నాను. అది అబద్ధమని నాకు అనిపించలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటి ముందు కూర్చున్నవాళ్ళు మంచి మాటలే చెప్పుకున్నారు. ఎవరి జోలికీ పోని మనిషి అన్నారు. బీడీలు చేసుకుంటూ బతుకు వెళ్ళదీసింది, పాపం, ఒక్కతే అన్నారు. అన్నీ నిజమే. కానీ కూర్చుని నడిపే గడ్డి కోసే బండిని విప్పి, బాగుచేయించి, నడిపించిన మనిషి ఆమె. ఆ ఇంజన్ చప్పుడు వాడకట్టంతా విన్నదే. అయినా ఆ మాట ఎవరి నోటా రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ పుట్టిల్లు, అత్తిల్లు రెండూ సిరిసిల్లే. పెనిమిటి సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. పని తగ్గిపోయాక ఆయన దుబాయికి పోయాడు. పిల్లలు లేరు. ఆమె తమ్ముడు స్థిరపడిన కోరుట్లకు వచ్చి, బీడీలు చేసుకుంటూ రెండు గదుల ఇల్లు వేసుకుంది. దుబాయిలో ఆయనకు దొరికింది గడ్డి కోసే పని. పెద్ద పెద్ద పార్కుల్లో, చిన్న ట్రాక్టరులాంటి బండి మీద కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పచ్చిక కోసేవాడు. రెండు మూడేళ్ళకోసారి ఇంటికి వచ్చేవాడు. చివరిసారి ఆయన రాలేదు, పెట్టె వచ్చింది. నేను ఆ ఇంట్లో దిగేసరికే అది జరిగి చాలా కాలమైంది.

నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పెళ్ళి చేసుకోలేదు. అప్పట్లో రాయికల్ దిక్కున ఒక పల్లె బడిలో పనిచేసేదాన్ని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉండేది. తల ఎత్తకుండానే "అచ్చినవా బిడ్డా" అనేది. రోజు మొత్తంలో నేను వచ్చానా లేదా అని పట్టించుకునే మనిషి ఆమె ఒక్కతే. ఆమె వైపు నుంచి చూసినా అంతే, ఎదురుచూడ్డానికి నేను తప్ప ఎవరూ లేరు. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

మా బడి మైదానం పెద్దది. వానలు పడితే గడ్డి మోకాళ్ళ దాకా వచ్చేది. ఆ బడిలో చదువుకుని హైదరాబాదులో స్థిరపడిన ఒకాయన ఎక్కడిదో పాత గడ్డి బండి కొని పంపించాడు. అది ఒక్క వానాకాలం నడిచింది. మరుసటి ఏడు కదలలేదు. బైకులు బాగుచేసే ఆయన వచ్చి చూసి, "దీని సామాను ఈడ దొరకది మేడం, పాత ఇనుముల ఏసుడే" అని తేల్చేశాడు. అదే వారం గడ్డిలో కట్లపాము కనిపించింది. ఆడపిల్లల ఖోఖో ఆగిపోయింది. మండలం పోటీలకు పోవాల్సిన జట్టు బడి వరండాలో పరుగులు తీస్తోంది. ఆ దిగులంతా ఒక సాయంత్రం పెద్దమ్మ ముందు వెళ్ళబోసుకున్నాను.

ఆమె చేతిలో చుడుతున్న బీడీ ఆగింది. "కూసోని నడిపేదేనా?"

"అవును పెద్దమ్మా."

"తాళంచెవి తిప్పితే సప్పుడే లేదా? టక్కుటక్కుమంటదా?"

"టక్కుటక్కుమని ఊకుంటుంది."

"నిరుటి పెట్రోలు అండ్లనే ఉంచిండ్రు కావచ్చు" అంది.

సైకిలు కూడా ఎక్కని మనిషి ఆమె. "నీకెట్ల తెలుసు పెద్దమ్మా?" అంటే, "ఫోన్ల చెప్పేటోడు" అని మళ్ళీ బీడీ చుట్టడం మొదలుపెట్టింది.

మిగతాది కొద్దికొద్దిగా చెప్పింది. వారానికి ఒకసారి ఫోను వచ్చేదట. మంచిగున్నవా, తిన్నవా అని అడగడం అయిపోయాక ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. అప్పుడు ఆమె "ఇయ్యాల ఏం జేసినవ్?" అని అడిగేది. ఆయన చెప్పేవాడు. బ్లేడు దించిన, బెల్టు మార్చిన, ప్లగ్గు తుడిచిన. ఆమె ఎందుకని అడిగేది. ఆయన ఎందుకో చెప్పేవాడు.

"గట్ల ఇరవై ఏండ్లు ఇన్న బిడ్డా. గా బండిని ఎన్నడు కండ్ల సూడలే గని, దాని కడుపుల ఏమున్నదో అంత ఎరుకే. ఒకపాలి ఫోను ఇంజన్ కాడ వెట్టిండు, ఇను అని. మస్తుసేపు ఇన్న."

మా హెడ్మాస్టరుగారికి ఆ బండి అడ్డంగా ఉందన్న బాధే ఉంది. ఎక్కడికైనా తీసుకుపొమ్మన్నారు. ట్రాలీ ఆటోలో వేయించి కోరుట్లకు తెచ్చాను. ఇంటి పక్కన బీడీ ఆకు పెట్టుకునే రేకుల కింద దించారు. మనుషులంతా పోయాక పెద్దమ్మ బండి చుట్టూ తిరిగింది. కొంగుతో సీటు తుడిచింది. తుడిచిన చోట అరచెయ్యి ఆనించి నిలబడింది.

"గింతనేనా" అంది. "కుర్చీ అసొంటిది ఉంటదనుకున్న. గీని మీదనేనా పొద్దంత కూసునేది?"

ఆ పూట పని మొదలుపెట్టలేదు. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

మరునాడు పిలిచింది. "ముందుగాల ప్లగ్గు వైరు పీకు. గది పీకకుంట కింద చెయ్యి వెట్టద్దు." ఆయన ఆమెకు చెప్పిన మొదటి మాట అదేనట. నాకూ అదే మొదటి పాఠం. ఆమె చెప్పేది, నేను పానా తిప్పేదాన్ని. ట్యాంకులో పెట్రోలు దింపితే అది పాడైపోయి వార్నిష్ వాసన కొట్టింది. కార్బరేటర్ విప్పి ఇస్తే, నా కంటికి ఆనని సన్న రంధ్రాన్ని ఆమె వేళ్ళతో తడిమి పట్టుకుంది. పాత వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి అందులో పోనిచ్చి మూసుకుపోయిన జిగురంతా తీసింది. రోజుకు వెయ్యి బీడీలు కట్టిన వేళ్ళవి. "పెద్దదాని మీద అనుమానం ఎనుక పెట్టుకో బిడ్డా. ముందు చిన్నదాన్ని సూడు" అనేది. బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్ల పొడిని వేడినీళ్ళు, వంటసోడాతో కడిగించింది. బ్యాటరీని ఛార్జింగుకు పంపించింది.

మూడోరోజు ఇంజన్ అందుకుంది. నేను ఎగిరి గంతేశాను. పెద్దమ్మ మాత్రం కళ్ళు మూసుకుని వింటోంది. "గిది గా సప్పుడు గాదు" అంది. "ఏడనో గాలి గుంజుతుంది. ఆపు." చూస్తే కార్బరేటర్ కింద నేను బిగించిన బోల్టుల్లో ఒకటి వదులుగా ఉంది. బిగించి మళ్ళీ తాళం తిప్పాను. ఈసారి ఇంజన్ నున్నగా తిరిగింది. ఆమె అటు తిరిగి నిలబడింది. చాలాసేపు నా వైపు తిరగలేదు. నేనూ ఇంజన్ ఆపలేదు.

తర్వాత బ్లేడ్లు. ఆకురాయితో పదును పెట్టి, నడిమి రంధ్రాన్ని గోడ మేకుకు తగిలిస్తే ఏ పక్క వాలితే ఆ పక్క బరువన్నమాట. అటు ఇంకొంచెం అరగదీయాలి. రెండు పక్కలా సమంగా నిలిస్తేనే బండి అదరదు. ఇది కూడా ఫోనులో విన్నదే. బెల్టు మాత్రం చీలికలై ఉంది. జగిత్యాలలో రెండు దుకాణాలు తిరిగినా ఆ కొలత దొరకలేదు. "సాంచెల బెల్టులు సూద్దాం పా" అని పెద్దమ్మ నాతో సిరిసిల్లకు బయలుదేరింది. ఆమె అక్కడ అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో.

దుకాణదారు పాత బెల్టును కొలిచి, పైన కొక్కేనికి ఉన్న బెల్టుల్లోంచి ఒకటి తీసి ఇచ్చాడు. "గడ్డి కోసుట్ల ఇది శానా రోజులు ఆగది పెద్దమ్మా" అని ముందే చెప్పాడు. తిరిగి వస్తుంటే ఒక గల్లీలో ఆమె ఆగింది. ఒక సాంచెల షెడ్డు నడుస్తోంది. దాని పక్క షెడ్డుకు తాళం ఉంది. ఆ తాళం ఉన్నదాన్ని చూపించింది.

"ఈడ్నే ఇద్దరం పనిచేసినం. ఆయన సాంచె నడిపేది, నేను దారం చుట్టేది. గీ సప్పుట్ల ఒకలి మాట ఒకలికి ఇనరాకపోయేది. ఇంటికి పోతే అలసి పండుడే. ఆయన దుబాయి పోయినంకనే బిడ్డా, మేం మాట్లాడుకున్నది."

బస్సులో కోరుట్ల దాకా ఆ బెల్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బండిని బడికి చేర్చిన రోజు ఆమె కూడా వచ్చింది. "ఒక్క చుట్టు నేను ఏస్తనే" అని అడిగింది. ఎక్కించాను. కానీ ఆమె బ్రేకు వదిలి బ్లేడ్ల లివర్ లాగగానే ఇంజన్ ఆగిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆగింది. నేను ఎక్కితే శుభ్రంగా నడిచింది. ఆమె దిగి సీటు ఎత్తి చూసింది. కింద చిన్న మీట ఉంది. బ్రేకు వదిలాక సీటు మీద బరువు లేకపోతే, మనిషి పడిపోయాడేమోనని బండి తనంతట తాను ఆగిపోతుంది. పెద్దమ్మ బరువు దానికి చాలలేదు.

"నన్ను మనిషి కింద లెక్కవెడ్తలేదు బిడ్డా గిది!" అని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తొమ్మిదేళ్ళలో ఆమె అలా నవ్వగా నేను చూసింది అదొక్కసారే. మధ్యాహ్న భోజనం గదిలోంచి చిన్న బియ్యం సంచి తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఈసారి ఇంజన్ ఆగలేదు. ఆడపిల్లలు దూరంగా వరుసకట్టి చూస్తుండగా, ఒక చేత్తో సంచి పట్టుకుని, ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఆమె మైదానం చుట్టూ ఒక చుట్టు వేసింది. కోసిన దారిలో పురుగుల కోసం తెల్లకొంగలు వెనకే నడిచాయి. ఆ ఏడు మా జట్టు గెలవలేదు. కానీ మైదానంలో ప్రాక్టీసు చేసి, మైదానంలో ఓడింది.

ఆ తర్వాత ప్రతి వానాకాలం బండి బడికి పోయేది, వానలు తగ్గాక పెద్దమ్మ రేకుల కిందికి వచ్చేది. ఆయిలు మార్చడం, కింద అట్టకట్టిన గడ్డి గీకడం మా ఇద్దరి ఆదివారాల పని. మూడేళ్ళ కింద నాకు సిరిసిల్ల వైపు బదిలీ అయ్యింది. నా తర్వాత వచ్చిన ఆయన బండి జోలికి పోలేదు. అది ఆమె దగ్గరే ఉండిపోయింది.

మొదట్లో నెలకోసారి పోయేదాన్ని. తర్వాత పండుగలకు. ఆ తర్వాత ఫోనే. ఆమె ఎప్పుడూ బండి గురించే చెప్పేది.

"ఒకపాలి అచ్చి సూడరాదు బిడ్డా. బ్యాటరీ దిగుతున్నట్టుంది."

"వచ్చే ఆదివారం వస్త పెద్దమ్మా."

ఇంకోసారి పెట్రోలు కారుతున్నట్టుంది అంది. ఇంకోసారి సెల్ఫు స్టార్టరు బిగుసుకుపోతోంది అంది. పోటీలని, శిక్షణ తరగతులని, ఎండలని ఆదివారాలు దాటిపోయాయి. తనకు ఒంట్లో బాగాలేదని ఒక్కసారి కూడా అనలేదు. నేను అడగనూ లేదు. బండికి ఏమైందో అడిగి, ఏం చేయాలో చెప్పి ఫోను పెట్టేసేదాన్ని.

దినాలు అయిపోయాక ఆమె తమ్ముడి కొడుకు, "మేడం, రేకులు తీపిస్తున్న. బండి మీ బడోళ్లదేనట గద, తీస్కపోరాదుండ్రి" అన్నాడు. పాత బడివాళ్ళను అడిగితే నాకు పనికొస్తే తీసుకుపొమ్మన్నారు. పానాలు, కొత్త ప్లగ్గు, సీసాలో పెట్రోలు పట్టుకుని ఒక ఉదయం ఒక్కదాన్నే కోరుట్లకు పోయాను. రోజంతా పడుతుందనుకున్నాను.

ప్లగ్గు వైరు పీకే ఉంది. ప్లగ్గు తీసి చూస్తే మసి లేదు. బ్లేడ్లు దించి, ఆయిలు రాసి, పాత చీర ముక్కలో చుట్టి సీటు కింద పెట్టి ఉన్నాయి. ట్యాంకు ఖాళీ చేసి ఉంది. ఎక్కడా పెట్రోలు కారిన మరక లేదు. బ్యాటరీ వైరు విప్పి పక్కకు పెట్టి ఉంది, కొనల మీద వాజిలైను రాసి ఉంది. నేను తెచ్చిన సీసాలో పెట్రోలు పోసి, వైర్లు తగిలించి, బ్రేకు తొక్కి తాళం తిప్పాను.

మొదటిసారికే అందుకుంది. సెల్ఫు బిగుసుకోలేదు. బ్యాటరీకి ఏమీ కాలేదు. ఆమె ఫోనులో చెప్పిన లోపాల్లో ఒక్కటి కూడా ఆ బండికి లేదు.

హ్యాండ్ బ్రేకు వేసి దిగాను. గోడ అవతల మిరపకాయలు ఎండబోస్తున్న పక్కింటి వదిన తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ వంగింది. రేకుల వాసాలు పెద్దమ్మ ఇంటి గోడకే ఆనుకుని ఉంటాయి. ఇంజన్ అదురు రేకుల్లోంచి గోడకు, గోడలోంచి తలుపుకు పాకుతోంది. తమ్ముడి కొడుకు వేసిన కొత్త తాళం ఆ తలుపు మీద సన్నగా కదులుతూ, గొళ్ళేనికి తగిలి చప్పుడు చేస్తోంది.