కరీం మాస్టారి సుద్దగీత

మా సందు మొదట్లో ఒక ఇస్త్రీ బండి ఉంది. నీళ్లు చిలకరించిన నూలు బట్ట మీద బొగ్గుల పెట్టె పెట్టగానే చుయ్యిమని ఆవిరి లేస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, తెనాలిలో కరీం మాస్టారి కుట్టు దుకాణం గుర్తుకొస్తుంది నాకు. ఆరు రోజులు జాకెట్లు, లాల్చీలు కుట్టి, ఆదివారం మధ్యాహ్నం మిషన్లన్నీ గోడవారకు జరిపి, మిగిలిన ఆ కాస్త జాగాలో మాతో నాటకం రిహార్సల్స్ చేయించేవారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. ఆ సూదులు బయటికి తీశారంటే ఎవరికో మూడిందన్నమాటే.

అరవైల చివర సంగతి. నాకప్పుడు ఇరవయ్యేళ్లు. మూడేళ్లుగా నాటకాల్లో వేస్తున్నానన్న పేరే గాని, పనిమనిషి, పక్కింటావిడ తప్ప వేరే వేషం ఎరగను. “అమ్మగారూ, అయ్యగారొచ్చారు” అన్న ముక్క ఎన్ని ఊళ్లలో అన్నానో. అలాంటి నన్ను పిలిచి, బాపట్ల పోటీలకు నాంచారమ్మ వేషం ఇచ్చారు మాస్టారు. నాటకమంతా ఆవిడదే. పల్లెటూరి ఇల్లాలు. మొగుడు విశాఖపట్నం హార్బరులో కూలీ. ఇద్దరికీ చదువు రాదు. అక్కడ స్నేహితుడు ఉత్తరం రాసిపెడతాడు, ఇక్కడ పోస్టుమాన్ చదివిపెడతాడు. మొదటి రంగంలో మొగుడు ప్రమాదంలో పోతాడు. స్నేహితుడు ఏడుస్తూ ఆ కబురు రాసి కవరు అంటిస్తాడు. రెండో రంగంలో ఆ కవరు నాంచారమ్మ ఇంటికి వస్తుంది. చూసేవాళ్లందరికీ సంగతి తెలుసు. ఆవిడకు తెలియదు, కవరు విప్పేదాకా పోస్టుమాన్‌కూ తెలియదు.

నా ఖర్మేంటోగాని, కవరు కంటబడగానే నా మొహం వాడిపోయేది. మొదటి ఆదివారమే మాస్టారు సూదులు తీశారు.

“ఆగు. ఎందుకలా అయిపోయావ్?”

“మొగుడు పోయాడు కదండీ.”

“నీకెవరు చెప్పారు?”

“నాటకంలో ఉంది కదండీ మాస్టారూ!”

“నాటకం చదివింది నువ్వు. నాంచారమ్మకి చదువే రాదు.”

అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సరే, ఈసారి నవ్వుతూ అందుకుందామని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. అదీ నచ్చలేదు మహానుభావుడికి. “నిన్ను నవ్వమన్నదెవరమ్మా? దాచిపెట్టే మొహం వేరు, తెలియని మొహం వేరు” అన్నారు. చెవి మీద సుద్దముక్క తీసి నేల మీద ఒక గీత గీశారు. గీతకు ఇవతల నిలబడి, ఆ వేషంలోని మనిషికి ఆ నిమిషాన తెలిసినదేదో పైకి చెప్పి, అప్పుడు దాటాలి. అదీ ఆయన పద్ధతి.

“పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఉత్తరం వచ్చి నెల్లాళ్లయింది. ఉగాదికి వస్తానన్నాడు” అనేదాన్ని.

“ఇంకా?”

“ఇంకేం తెలియదండి.”

“అయితే వెళ్లు.”

పోస్టుమాన్ వేషం సుబ్బారావుగారిది. తాలూకా ఆఫీసులో గుమాస్తా, యాభై దాటిన మనిషి. ఆయనా గీత దగ్గర నిలబడి, “ఎండ మండిపోతోంది, సంచిలో ఇంకా పది ఉత్తరాలున్నాయి” అని చెప్పాల్సిందే. “ఏంటండీ ఈ చాదస్తం” అని గొణుక్కుంటూ దాటేవాడు. ఎన్ని ఆదివారాలు దాటినా నా మొహం మాత్రం దారికి రాలేదు. చివరికి మాస్టారు తేల్చి చెప్పేశారు. “బాపట్లలోనూ ఇలాగే చేశావంటే, రేపల్లె పోటీలకి ఇంకో అమ్మాయిని చూసుకుంటాను. నాకు మొహమాటాల్లేవు.” ఇంటికెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను. ఈ వేషం జారిపోతే మళ్లీ జన్మంతా “అయ్యగారొచ్చారు” అనుకుంటూ బతకాలి.

బాపట్లలో పందిరి కిటకిటలాడింది. మొదటి రంగం అద్భుతంగా పండింది. అదే మా కొంప ముంచింది. జనం ఏడుపులు వింటూ తెర పక్కన నిలబడ్డ సుబ్బారావుగారు తనూ కరిగిపోయాడు. కళ్లనిండా నీళ్లతో కవరు పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అంటించిన కవరులో ఏముందో ఈ పోస్టుమాన్‌కెలా తెలిసింది? ఆయన్ని చూసి ఏడిస్తే నాటకం సర్వనాశనం, నవ్వితే నేను పిచ్చిదాన్ని. నాంచారమ్మకు ఏం తెలుసు? పోస్టుమాన్ బాబాయ్ ఎండన పడి వచ్చాడు, మనిషి బాగాలేడు. అంతవరకే.

“ఏంటి బాబాయ్, అలా ఉన్నావ్? ఎండదెబ్బ గాని తగిలిందా? ఉత్తరం ఎక్కడికి పోద్దిగాని, ముందు కూర్చో. మజ్జిగ తెస్తానుండు” అన్నాను.

నాటకంలో లేని మాటలవి. విప్పని కవరు అరుగు మీద పెట్టి లోపలికి నడిచాను. ముందు వరసలో ఒక ముసలమ్మ “అయ్యో నా తల్లీ!” అని పైకే అనేసింది. నేను గ్లాసుతో తిరిగొచ్చేసరికి సుబ్బారావుగారు కళ్లు తుడుచుకుని మనిషయ్యాడు. మజ్జిగ తాగి, కవరు చింపి, చదవడం మొదలుపెట్టాడు. అప్పుడు విన్నాను. నిజంగా అప్పుడే విన్నాను.

మర్నాడు పొద్దున తెనాలి పాసింజర్లో సుబ్బారావుగారు తలెత్తలేదు. లేని మాటలు కలిపినందుకు అక్షింతలు పడతాయని నేనూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. మాస్టారు ఇద్దరికీ ఇడ్లీ పొట్లాలు ఇచ్చి, “రేపల్లెలోనూ ఆ మజ్జిగ ఉండాలి. రాసినాయనకి నేను చెప్పుకుంటాలే” అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ధైర్యంతోనే అడిగేశాను.

“ఒక్క మొహం కోసం నన్నింత ఏడిపించారేంటండీ?”

ఆయన కిటికీ వైపు తిరిగి చెప్పారు. “వెనకటికి ఒకమ్మాయి పెళ్లి జాకెట్లు కుట్టానమ్మా. మగపెళ్లివారు సంబంధం వద్దన్నారని పొద్దున్నే బజార్లో విన్నాను. ఆ పిల్లకింకా తెలియదు. నవ్వుకుంటూ జాకెట్ల కోసం వచ్చింది. నేను ఒక్క మాట అనలేదు. నా మొహం చూసి ‘ఏమైంది బాబాయ్’ అంది. అంతే, అర్థమైపోయింది. కన్నతండ్రి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సిన మాట, ఆ పిల్ల దుకాణం మెట్ల మీద, దర్జీ మొహం చూసి తెలుసుకుంది.”

రేపల్లెలో ఉత్తమ నటి బహుమతి నాకే వచ్చింది. ఇక జన్మలో పనిమనిషి వేషం వెయ్యలేదు. గొప్పకు చెప్పడం లేదనాలి గాని, గొప్పకే చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో, పెళ్లయి రేపల్లెలోనే కాపురం ఉంటున్నాను. మాస్టారికి ఒంట్లో బాగుండటం లేదని వింటూనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆయన కొడుకు సలీం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాణ్ణి చూడగానే నాకు తెలిసిపోయింది. కాని వాడింకా చెప్పలేదు. తండ్రి సంగతి, కొడుకు నోటితో చెప్పుకోవాల్సిన మాట.

“ఏం నాయనా, ఇంత ఎండన పడొచ్చావు? లోపలికి రా, కూర్చో” అన్నాను. మంచినీళ్లిచ్చాను. వాడు గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

“అక్కా, నాన్న పొద్దున పోయారు” అన్నాడు.

అప్పుడు వాణ్ణి పట్టుకుని ఏడ్చాను. వేషాలు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా చెడ్డ కబురు మోసుకొచ్చి నా గుమ్మంలో నిలబడితే, వాళ్లు నోరు తెరిచేదాకా నాకేమీ తెలియదు.