భిన్నాల పాఠం రోజు మేం ఊడవలేదు

మా చిన్నప్పుడు ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే... మొదటి గంట మగపిల్లలకు లెక్కలు, ఆడపిల్లలకు చీపురు.

కర్లపాలెం పక్కన పల్లెటూరు మాది. ఎనభైల చివర్లో నేను అయిదో తరగతి. అది వేపాకు రాలే కాలం... తెల్లారేసరికి బడి ఆవరణంతా పండుటాకులే. ప్రార్థన కాగానే ఆడపిల్లలం వరండా, ఆవరణ ఊడ్చి, రోడ్డవతల బోరింగు కొట్టి, బిందెలతో నీళ్ళు తెచ్చి కుండ నింపేవాళ్ళం. చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి మాస్టారు బోర్డు తుడిచేస్తూ ఉండేవారు.

ఆ నెల భిన్నాలు చెబుతున్నారు. ఇంట్లో గిద్దతో, సోలతో బియ్యం కొలిచే చేతులే మావి. కానీ బోర్డు మీద ఒక అంకె నెత్తిన ఇంకో అంకె, మధ్యలో గీత... అదేమిటో అంతుపట్టేది కాదు.

ఒకరోజు నన్ను లేపి, అరకి పావు కలపమన్నారు. పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కలిపి, ఆరులో రెండు అని రాశాను. మగపిల్లలంతా గొల్లుమన్నారు.

"ఆడపిల్లలకి లెక్కలు ఎక్కవులే. వెళ్ళి కూర్చో" అన్నారు మాస్టారు.

"మాకు చెప్తే కదండీ ఎక్కడానికి!"

ఆ మాట గ్రేసుది. నా పక్కన కూర్చునేది. వాళ్ళమ్మ మార్తమ్మ పొలం కూలికి వెళ్ళేది. గ్రేసు పుల్లలా ఉన్నా, చర్చిలో పాటలు పాడిన గొంతు కదా... గదంతా వినిపించింది. మాస్టారు మాత్రం విననట్టే తర్వాతి లెక్క రాశారు.

మర్నాడు ప్రార్థన అయ్యాక గ్రేసు చీపురు ముట్టుకోలేదు. నేరుగా లోపలికి వెళ్ళి ముందు వరసలో పలక పట్టుకుని కూర్చుంది.

"ఏంటమ్మా, ఊడవ్వా?"

"పాఠం వింటానండి."

"మరి ఎవరు ఊడుస్తారు?"

"పాఠం అయ్యాక అందరం ఊడుద్దామండి. మగపిల్లలు కూడానండి."

మాస్టారి మొహం ఎర్రబడింది. "వెళ్ళి ఎండలో నిలబడు" అన్నారు.

వెళ్ళి నిలబడింది... ఏడవలేదు, తల దించలేదు.

నా చేతిలో చీపురుంది. ముందురోజు నవ్వులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. చీపురు గోడకు ఆనించి, వెళ్ళి గ్రేసు పక్కన నిలబడ్డాను. కాసేపటికి సుబ్బలక్ష్మి వచ్చింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు... ఆడపిల్లలందరం ఎండలోనే.

అప్పుడే మినుము పీకడానికి వెళ్తున్న ఆడవాళ్ళతో మార్తమ్మ అటుగా వచ్చింది.

"ఏంటే, అందరూ ఎండలో నిలబడ్డారు?"

"పాఠం చెప్పమన్నామని నిలబెట్టారమ్మా" అంది గ్రేసు.

కూతుర్ని నాలుగు తిట్టి, మాస్టారిని బతిమాలుకుంటుందనుకున్నాం. ఆవిడ తన నీళ్ళ చెంబు కూతురి చేతికిచ్చింది. "అయితే నిలబడు. తల తిరిగితే మాత్రం నీడకెళ్ళు" అంది. తర్వాత వరండా వైపు తిరిగింది.

"మాస్టారండీ... ఊడవడం నేను నేర్పానండి దానికి. లెక్కలు నాకు రావండి. అవి మీరే చెప్పాలండి."

అంతే... చేలోకి వెళ్ళిపోయింది.

ఎండ ముదిరింది. లోపల మగపిల్లలకు దాహం మొదలైంది. కుండలో చుక్క లేదు. మాస్టారు మావైపు చూశారు. ఒక్కరం కూడా కదల్లేదు. చివరికి ఇద్దరు కుర్రాళ్ళు బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి పోయి, సగం నీళ్ళు చొక్కాల మీదే ఒంపుకుని వచ్చారు. అంత ఎండలోనూ మాకు నవ్వాగలేదు.

మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. "లోపలికి రండి" అన్నారు. మేం తప్పయిందనలేదు, ఆయనా అనమనలేదు. బోర్డు తుడిచి మొదటినుంచీ మొదలుపెట్టారు.

"సోలకి ఎన్ని గిద్దలు?"

"నాలుగండీ!" ఆడపిల్లలందరం ఒకటే అరుపు.

"అంటే గిద్ద సోలలో ఎంత?"

"పావండీ!"

"అర సోలకి గిద్ద కలిపితే?"

"ముప్పావండీ!" నా గొంతే ముందు లేచింది. ఆ గీతకు పైన మూడు, కింద నాలుగు ఎందుకొస్తాయో ఆ రోజు తెలిసింది నాకు.

ఇంటికెళ్ళాక మా మామ్మ "మాస్టారికే ఎదురుతిరుగుతావటే!" అని వీపు మీద రెండు వేసింది. వేస్తే వెయ్యనీ అనుకున్నాను. మర్నాటినుంచి బడిలో వరసలవారీగా ఊడవడం... మగపిల్లలు మూలలన్నీ వదిలేసేవాళ్ళు. మేం మాత్రం వెళ్ళి సరిచెయ్యలేదు!

గ్రేసు ఇప్పుడు రేపల్లెలో కుట్టు దుకాణం నడుపుతోంది. మొన్న ఫోన్లో ఆ ఎండ సంగతి ఎత్తితే, "ఎండ గుర్తులేదే... నువ్వొచ్చి పక్కన నిలబడ్డం గుర్తుంది" అంది.

మా పెంకుల బడి పడగొట్టి డాబా కట్టారు. ఊడవడానికి ఆయా ఉంది, తాగడానికి క్యాను నీళ్ళున్నాయి. మా వరసలో కూర్చున్న పిల్లల్లో సగంమంది ఎక్కడున్నారో కూడా తెలియదు... మీ తరగతిలో మొట్టమొదట "చెయ్యనండి" అన్న పిల్ల ఎవరో, ఆ పిల్ల పేరు కింద రాయండి. చదవాలనుంది.

ఒక్కటి మాత్రం... ఆ రోజులే బాగుండేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బాగుండలేదు. మేం బాగుచేసుకున్నాం.