ఫోన్లోకి ఎక్కిన ఇరవై రెండు దరువులు

జఫర్‌గఢ్ చర్చిలో పాట అంటే రూతు, వాయిద్యం అంటే ఆమె పెనిమిటి చిరంజీవి కీబోర్డు. ఇరవై ఏళ్లుగా అంతే. పొద్దంతా కూలిపని చేసి మొద్దుబారిన వేళ్లేనా ఇవి అనిపించేలా వాయించేవాడు. ఆ కీబోర్డులో ఎడమచేత్తో నాలుగు మెట్లు నొక్కి పట్టుకుంటే చాలు, డోలక్, డప్పు, గిటారు అన్నీ వాటంతట అవే వెంట నడుస్తాయి. అలా వెంట నడిచే దరువులను స్టైల్స్ అంటారు. కంపెనీవాడు పెట్టినవి తమ పాటలకు కుదరవని, చిరంజీవి తానే ఇరవై రెండు తయారు చేసుకున్నాడు. రూతు పాడే ఒక్కో పాటకు ఒక్కోటి.

రూతుకు మూడేళ్లుగా ఆయాసం. పాడటం మానుకోమన్నారు దవాఖానలో.

"గదొక్కటి బంద్ పెడితే ఇగ నాకేముంటది సార్?" అని నవ్వేసి వచ్చింది.

పాట మధ్యలో ఊపిరి అందక ఆమె భుజం కాస్త పైకి లేచేది. అంతే, చిరంజీవి ఎడమచెయ్యి కదలకుండా ఉన్నచోటే ఉండిపోయేది. దరువు అక్కడక్కడే తిరిగేది. ఆమె అందుకున్నాకే ముందుకు పోయేది. వినేవాళ్లు అదొక సొగసు అనుకునేవారు. అదేమీ అతను లెక్కపెట్టి చేసింది కాదు. భుజం లేచేది, చెయ్యి ఆగేది.

ఈ వానాకాలం కీబోర్డు తెర మసకబారింది. జనగామలో రిపేరు చేసే కొమురెల్లి విప్పి చూసి పెదవి విరిచాడు.

"లోపల బోర్డు పోతున్నదన్నా. వారం నడిస్తే గొప్ప. నీ స్టైల్స్ కొత్త దాంట్ల పడయి. గీ వైరు వెట్టి, పానం ఉన్నప్పుడే అన్ని ఫోన్ల రికార్డు చేసుకో."

రికార్డులో బయటి చప్పుడు పడకూడదని చిరంజీవి ఇంటికొచ్చి తలుపులు బిగించాడు. కుక్కర్ పెట్టనివ్వలేదు. కోళ్లను తరిమేశాడు.

"నేను పాడుత, నువ్వు వాయించరాదు?" అంది రూతు.

"నీ గొంతు పడితే ఖరాబైతది. జర పోయి పక్కింటి సుజాతక్క అరుగు మీద కూసో పో."

ఆమె పోయి కూర్చుంది.

"ఏందే రూతు, మొగడు ఎల్లగొట్టిండా?" అంది సుజాత. "పాట కోసం పాడేదాన్నే ఎల్లగొట్టెటోన్ని ఈయన్నే సూస్తున్న."

నాలుగు రోజులు అలాగే. లోపల చిరంజీవి మనసులో పాడుకుంటూ, ఎక్కడా ఒక్క దెబ్బ తప్పకుండా ఇరవై రెండూ ఎక్కించాడు. ఆ మర్నాడు కీబోర్డు వెలగలేదు.

ఆదివారం ఫోను తీసుకెళ్లి చర్చి సౌండుబాక్సుకు తగిలించాడు. రూతు లేచి నిలబడింది. రెండు చరణాలు బాగానే సాగాయి. మూడోదానిలో భుజం లేచింది. చిరంజీవి ఎడమచెయ్యి తొడ మీద గట్టిగా నొక్కుకుని ఉండిపోయింది. దరువు మాత్రం ఆగలేదు. ఆమె పరుగెత్తి అందుకోబోయింది, అందలేదు. జనం సాయంగా చప్పట్లు అందుకున్నారు. ఆ చప్పట్లూ ఫోను వెంటే పోయాయి. ఎవరి కోసమూ చూడకుండా ఫోనులో పాట చక్కగా ముగిసింది.

రూతు మూడుసార్లు పెట్టించింది. మూడుసార్లూ అంతే.

"ఉత్తగనే పాడు వదినా," అంది ముందు వరసలో ఉన్న ప్రవళిక.

"ఉత్తగ పాడితే నా ఆయాసమే ఇనపడతది బిడ్డా," అని రూతు వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

సోమవారం చిరంజీవి చచ్చిన కీబోర్డును ఒళ్లో పెట్టుకుని జనగామ బస్సెక్కాడు. జరిగింది విని కొమురెల్లి నెత్తి కొట్టుకున్నాడు.

"అక్కను పక్కన నిలవెట్టుకొని పాడిపియ్యకపోతివా? ఆమె ఆగినకాడల్ల నీ చెయ్యి ఆగుతుండె, దరువు గూడ అట్లనే ఎక్కుతుండె."

"గొంతు పడతదని బయటికి పంపిన."

"వైరుల కీబోర్డు సప్పుడే పోతది, బయటిది యాడ పడతదన్నా! నువ్వు కోడిని సంకన వెట్టుకొని వాయించినా పడకపోతుండె."

చిరంజీవి నవ్వలేదు. "ఒక్క పాట మందం వెలిగియ్యరాదు తమ్మీ," అన్నాడు.

కొమురెల్లి మళ్లీ విప్పి, మసిబారిన బోర్డు చూపించి, మూత బిగించాడు.

ఇంటికొచ్చేసరికి రూతు గడపలో ఎదురుచూస్తోంది.

"ఏమన్నడు?"

ఆమెను అనవసరంగా బయటికి పంపానన్న సంగతి చిరంజీవి మింగేశాడు. "కాదట," అన్నాడు.

"పోనీలే," అందామె. "ఇగ దవాఖానోళ్లు చెప్పినట్టే ఇందాం."

లోపలికి పోయి కుక్కర్ పెట్టింది. విజిల్ వేసినప్పుడల్లా చిరంజీవి ఉలిక్కిపడి, ఆ నాలుగు రోజులు తాను బిగించిన తలుపు వైపు చూశాడు.