పొయ్యిలు మార్చిన బాలమణి

సంగారెడ్డిలోని తాగునీటి పరీక్షల ల్యాబ్‌కు సీనియర్ కెమిస్టుగా బదిలీ అయి వచ్చాక అది నాకు రెండో వేసవి. పంచాయతీ ఎన్నికలకు ఇంకా రెండు నెలలున్నాయనగా జరిగిన సంగతి ఇది. ఊళ్లలో జనం తాగే బోర్లు, ట్యాంకులు, కుళాయిల నుంచి నమూనాలు తెచ్చి, పనికొస్తాయో రావో రాసివ్వడమే మా ల్యాబ్ పని. నీళ్లు ఎందుకు చెడ్డాయో తేల్చడం వేరే ఆఫీసుల పని. ఈ తేడా ఎవరికీ పట్టదు. కోపం మాత్రం మామీదే చూపిస్తారు.

ఊరి పేరు రాయను. పాశమైలారం దాటాక, ఫ్యాక్టరీల వెనక ఉంటుంది. ఆ ఏడు తొలకరికి ముందు పడిన ఒక వానకు కాలువలో నురగ కనిపించిందట. ఇక మాజీ సర్పంచ్ మైకు పట్టాడు. ఊళ్లో బోర్లన్నీ విషమైపోయాయి, ఈ నీళ్లు తాగితే పిల్లలు దక్కరు అన్నాడు. ఏ బోరు, ఏ విషం, ఎవరు పరీక్ష చేశారు అన్నది ఆ గంట ప్రసంగంలో ఒక్క ముక్క లేదు. మర్నాడు అదే చోట అతని ప్రత్యర్థి సభ పెట్టి, ఇదంతా కుట్ర, మా ఊరి నీళ్లు అమృతం అంటూ గ్లాసెడు నీళ్లు గటగటా తాగి చూపించాడు. ఆ గ్లాసు స్టేజీ వెనక ఉన్న ఇరవై లీటర్ల క్యాన్ నుంచి నింపారు. సర్వే పని మీద అటు వెళ్లిన నేను కళ్లారా చూశాను. ఒళ్లు మండిపోయింది.

ఫ్యాక్టరీలు మంచివని నేను వాదించడం లేదు. వాటి చుట్టుపక్కల నీళ్ల గురించి నేను రాసిన రిపోర్టులు వేరే ఫైళ్లలో చాలా ఉన్నాయి. నా బాధల్లా, భయపెట్టేవాడికీ భరోసా ఇచ్చేవాడికీ ఒక సీసా నీళ్లు పట్టే ఓపిక కూడా లేకపోవడమే.

మాజీ సర్పంచ్ అంతటితో ఆగలేదు. తన ఫోటో కట్టిన ట్యాంకర్లతో ఇంటింటికీ ఉచితంగా నీళ్లు పోయించాడు. వారంలో ఊరంతా బోరు నీళ్లు తాగడం మానేసింది. ఆ బోర్ల మోటార్లు వేసి, వాల్వులు తిప్పి, వీధి వీధికీ నీళ్లు వదిలే పంచాయతీ ఉద్యోగి బాలమణిని, విషం తాపించేదానివి నువ్వేనని ముఖం మీదే అన్నారు. యాభై దాటిన మనిషి. పన్నెండేళ్లుగా అదే పని. ఇంట్లో కోడలు, నాలుగు నెలల మనవడు. తల్లిపాలు చాలక వాడికి డబ్బాపాలు కలిపి పడుతున్నారు. ఊరంతా ట్యాంకర్ నీళ్లే వాడుతుంటే కోడలు కూడా భయపడి వాటితోనే పాలు కలపసాగింది.

నమూనాలకు నేను వెళ్లిన రోజు బాలమణి నా వెంట తిరిగింది. మా పనికో పద్ధతుంది. మోటారు వేసి, పైపులో నిలవున్న నీళ్లు పోయేదాకా పది నిమిషాలు వదలాలి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడగాలి. క్రిముల పరీక్షకు ఇచ్చే సీసాను మాత్రం కడగకూడదు, అది ముందే శుద్ధి చేసి మూత బిగించి ఉంటుంది. బోరు నంబరు, టైము రాసి ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి. ఊరి అయిదు బోర్లూ, ట్యాంకూ, రెండు కుళాయిలూ అన్నీ పద్ధతి ప్రకారం పూర్తి చేశాను. లిస్టులో ఉన్నవన్నీ అయిపోయాయి. జీపు ఎక్కబోతుంటే ఆమె అడిగింది.

“మేడం, బోర్లన్నీ చూసిండ్రు. మేం తాగేది చూడలే.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె అంటున్నది ట్యాంకర్ గురించి. ట్యాంకర్ మా లిస్టులో లేదు. ప్రభుత్వ నీటి వనరు కాదు కాబట్టి దానికి నంబరు లేదు, నంబరు లేదు కాబట్టి దాని ముందు నుంచే మూడుసార్లు నడిచినా నా కంటికి ఆనలేదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసున్న కెమిస్టును నేను.

ట్యాంకర్ నీళ్ల మీద అనుమానం ఎందుకొచ్చిందని అడిగాను. పప్పు ఉడుకుతలేదు అంది. పొయ్యి మంట తక్కువై ఉంటుందేమో అన్నాను. అప్పుడామె చెప్పిన మాట నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తుంది.

“నేను గూడ గట్లనే అనుకున్న మేడం. అందుకే రెండు గిన్నెలల్ల ఒకటే కొలత పప్పు వోసిన. ఒకదాంట్ల ట్యాంకర్ నీళ్లు, ఒకదాంట్ల మన మూడో బోరు నీళ్లు. బోరు నీళ్లది మెత్తగయింది, ట్యాంకర్‌ది గింజ గింజనే ఉన్నది. పొయ్యిల ఫరక్ ఉన్నదేమో అని రెండో దినం పొయ్యిలు మార్చిన. మళ్ల గంతే. నాలుగు దినాలు సూసిన.”

ఆమె చదువు అయిదో తరగతి. పరీక్ష ఫలితానికి అసలు కారణం ఏమిటో తేలాలంటే మిగతావన్నీ సమానంగా ఉంచాలని, అనుమానమున్న దాన్ని మార్చి చూడాలని మేం కాలేజీలో ఒక ఏడాది నేర్చుకున్నాం. ఊరంతా మైకుల హోరులో బిక్కచచ్చి ఉన్నప్పుడు ఈమె తన వంటింట్లో ఒక్కతే కూర్చుని, తన అనుమానాన్ని కూడా అనుమానించింది. ఆ మనిషి ముందు నిలబడితే నా చేతిలో ఐస్ డబ్బా చిన్నదైపోయినట్టనిపించింది. దండం పెట్టాలనిపించింది, ఉద్యోగం అడ్డొచ్చి పెట్టలేదు.

ట్యాంకర్ డ్రైవర్ దాచకుండా చెప్పాడు. మాజీ సర్పంచ్ బామ్మర్ది కోళ్ల ఫారంలో బోరుంది, రోజూ అక్కడే నింపుతారు. బోరు పక్కనే కోళ్ల ఎరువు గుంత. ట్యాంకర్‌లోనూ, ఆ బోరు దగ్గరా నమూనాలు పట్టాను.

ఊరి బోర్లు అయిదింట్లో మూడో బోరుతో సహా నాలుగు తాగడానికి పనికొచ్చేవే. ఒకదాంట్లో ఫ్లోరైడు హద్దు మీరింది. ట్యాంకర్ నీళ్లు మాత్రం అన్నిటికన్నా అధ్వానం. కాఠిన్యం ఎక్కువ, పప్పు ఉడకనిది అందుకే. అంతకన్నా చెడ్డది నైట్రేటు. పెద్దవాళ్లకు వెంటనే ఏమీ తెలియదు గానీ, ఆ నీళ్లతో పాలు కలిపి పడితే పసిపిల్లల రక్తం ఊపిరి మోసే శక్తి కోల్పోతుంది. ఒళ్లు నీలమవుతుంది. డిప్యూటీ ఇంజనీర్ సంతకం పడకుండా ఫలితం బయటికి చెప్పకూడదన్నది మా రూలు. ఆ సంతకానికి రెండు రోజులు పడుతుంది. నేను ల్యాబ్ ఫోన్ నుంచే బాలమణికి చెప్పేశాను. మూడో బోరు నీళ్లు కాచి చల్లార్చి వాటితోనే పాలు కలపమన్నాను. చంటిపిల్లలున్న మిగతా ఇళ్లకు ఆమే పరుగెత్తి చెప్పింది. నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను.

గ్రామసభలో ఇంజనీర్ రిపోర్టు చదివాడు. సగం మందికి అర్థం కాలేదు. అప్పుడు బాలమణి లేచి, మూత పెట్టి తెచ్చిన రెండు గిన్నెలు బల్ల మీద పెట్టింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పప్పు వేళ్లతో నలిపి చూశారు. మాజీ సర్పంచ్ తల దించుకున్నాడు గానీ, అతని ప్రత్యర్థి ఆ అవకాశం వదల్లేదు. పిల్లల్ని చంపజూసిన హంతకులు వీళ్లని మైకు అందుకున్నాడు. నిన్నటిదాకా అమృతమన్న గొంతు అదే. బాలమణి అతన్ని మధ్యలోనే ఆపింది.

“సార్, మమ్ముల భయపెట్టుడు అయినంక జెర గా కోళ్ల ఫారం బోరు ఎప్పుడు బంద్ జేయిస్తరో చెప్పుండ్రి.”

అతను మైకు కింద పెట్టాడు. ట్యాంకర్లు ఆ సాయంత్రమే ఆగాయి. పనికిరాని బోరుకు గుర్తుగా ఎర్ర రంగు వేయడం మా ఆనవాయితీ. కోళ్ల ఫారం బోరుకూ, ఫ్లోరైడు ఎక్కువున్న ఊరి బోరుకూ బాలమణే బ్రష్షు పట్టి వేసింది. మనవడికి ఏమీ కాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ ఊరికి వెళ్లినా లిస్టు తీయకముందు, పొద్దున మీరు తాగిన నీళ్లు ఎక్కడివని అడిగేదాన్ని. లిస్టులో లేని దానికి కూడా ఒక సీసా ఉంచుకునేదాన్ని. ఇప్పుడు కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం పూట టీవీ ముందు కూర్చుంటే, కొంప మునిగిందని ఒకరు, ఏమీ కాలేదని ఒకరు అరుస్తుంటారు. వీళ్లలో పొయ్యి మార్చి చూసినవాళ్లు ఎవరని అడుగుతాను. జవాబు రాకపోతే టీవీ కట్టేస్తాను.