కొమురన్నకు ఇచ్చిన హ్యాండిల్

ఆరేళ్ల నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు ముక్కల అబద్ధం. దవాఖానలో మంచం పక్కన నిలబడి, అడిగిన మనిషి మొహం చూడకుండా అనేశాను. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇప్పుడు రాస్తుంటే మాత్రం ప్రతి వాక్యం దగ్గరా ఆగిపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎదురెదురుగా కూర్చుంటే ఇదీ చెప్పేవాణ్ణి కాదు. నా సంగతి నాకు తెలుసు.

నేను గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో ఫిట్టర్ని. నాకు పని నేర్పింది కొమురన్న. స్పానర్ ఎట్లా పట్టాలో, బోల్టు బిగిసిందని చేతికి ఎట్లా తెలుస్తుందో ఆయనే చూపించాడు. బొగ్గు టబ్బులను లాగే ఇనుప తాడు, దాని క్లాంపులు ఆయన చేతి కింద ఉండేవి. ఒక్క క్లాంపు వదులైతే టబ్బులు వాలు మీద వెనక్కి జారి, కింద పనిచేసేవాళ్ల మీదికి వస్తాయి. కొమురన్న బిగించాడంటే ఇంక ఎవరూ తిరిగి చూసేవాళ్లు కాదు.

ఆయన నేర్పిన ఇంకో సంగతి ఉంది. మా బాయిలో, అంటే గనిలో, ఏదైనా వస్తువు పనికిరాదని తేలితే వెంటనే దానికి ఎర్ర రంగు పూస్తాం. ఎర్ర రంగు పడ్డ వస్తువును ఎవరూ ముట్టరు. "రేపు పూస్తనంటే నడవది తమ్మీ. ఇయ్యాల్నే ఎవడో ఒకడు పట్టుకపోయి బిగిస్తడు" అనేవాడు. నేను చేరిన మొదటి నెలలోనే నా చేతికి ఆ రంగు డబ్బా ఇచ్చాడు.

సైకిల్ పిచ్చి మాత్రం నాది. దాన్ని ఆయనకు అంటించింది నేనే. మా దగ్గర కొండలు లేవు, ఓపెన్‌కాస్టు గనులు తవ్వి పోసిన మట్టి కుప్పలే మాకు కొండలు. పాత కుప్పలు తుమ్మ చెట్లు మొలిచి అచ్చం గుట్టల్లాగే ఉంటాయి. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, కాస్త నడుం వాల్చి, ఎండ తగ్గాక గేరు సైకిళ్ల మీద అక్కడికి పోయేవాళ్లం. సెక్యూరిటీ వాళ్లు చూస్తే తరిమేవాళ్లు. తరిమితే ఇంకో పక్క నుంచి ఎక్కేవాళ్లం.

ఆ సైకిళ్లకు సామాను ఇక్కడ దొరకదు. హైదరాబాదులో దొరికినా మాకు అందదు. ఇలాంటి సామాను అమ్మే బయటి దేశాల సైట్లు, తర్వాత మన దగ్గర ఆపేశారు గానీ, అప్పటికింకా మన ఫోన్లలో తెరుచుకునేవి. బ్రేకు ప్యాడ్లు, చైన్లు, పెడల్స్, చైను ఊడదీసే పనిముట్టు, అన్నీ అక్కడి నుంచే తెప్పించేవాణ్ణి. నెల పట్టేది, ఒక్కోసారి నలభై రోజులు. నలిగిపోయిన బూడిద రంగు కవరు వచ్చిందంటే నాకు పండగే. ఏ అమ్మకందారు మంచివాడో, ఏ ఫోటో మోసమో నాకు తెలుసని పేరు. మా షిఫ్టువాళ్లు అయిదారుగురు నా ఫోన్లోంచే తెప్పించుకునేవాళ్లు. పార్శిల్ సేటు అని ఎగతాళి చేసేవాళ్లు. ఆ పేరు నాకు బాగా నచ్చేది, ఇప్పుడు ఒప్పుకోవడానికేం.

ఒకసారి కార్బన్ హ్యాండిల్ తెప్పించాను, ఇనుముకు బదులు కార్బన్ పోగుల పొరలు అంటించి చేసింది. నల్లగా, నిగనిగలాడుతూ, చేతిలో పెడితే బరువే తెలియకుండా ఉంది. దాని మీద ఏదో పెద్ద కంపెనీ పేరు అచ్చు వేశారు. ఆ ధరకు ఆ కంపెనీ సరుకు రాదని నాకు తెలుసు. తెలిసే కొన్నాను.

కార్బన్ సరుకును నాణెంతో కొట్టి చూడాలని చదివాను. రూపాయి బిళ్లతో ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టుకుంటూ పోయాను. అంతటా ఠంగుమంది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే క్లాంపు వచ్చే చోటికి రెండు వేళ్ల అవతల మాత్రం మొద్దుగా పలికింది. అక్కడ లోపల పొరలు సరిగ్గా అంటుకోలేదన్నమాట. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే మోత. వీడియో తీసి అమ్మినవాడికి పంపాను. వాడు క్షమాపణ చెప్పి ఇంకోటి పంపాడు. మొదటిది వాపసు అక్కర్లేదు, వాడకండి, పారేయండి అని కూడా రాశాడు. రెండోది అన్ని చోట్లా ఠంగుమంది. దాన్ని నా సైకిల్‌కు వేసుకున్నాను.

మొదటిదాన్ని పారేయలేదు. రంగూ పూయలేదు. గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాను. ఎందుకు? చూడ్డానికి బాగుంది. పారేయడానికి మనసొప్పలేదు. ఇంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

కొమురన్న నా సైకిల్ ముందు భాగం ఒంటి చేత్తో లేపి చూసి, నాకు గూడ ఇసోంటిది తెప్పియ్యి తమ్మీ అన్నాడు. ఇంట్లో ఇంకోటి ఉందన్నా, నీకే ఇస్తాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చింది? గురువుకు ఏదో ఇచ్చానన్న గొప్ప కోసమా, మళ్లీ నలభై రోజులు ఎదురుచూసే బాధ తప్పుతుందనా, లేక నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాడు ప్రతి సాయంత్రం ఆ కుప్ప మీదికి నాకన్నా ముందు ఎక్కి, పైన నిలబడి నవ్వుతాడనా? కుళ్లు ఉంది. ఎంత ఉందో చెప్పలేను గానీ, ఉంది. ఆయన పడాలని మాత్రం అనుకోలేదు. ఏం కాదులే అనుకున్నాను. బాయిలో ఆ మాట ఎవరైనా అంటే కొమురన్న స్పానర్ తీసుకుని వెంటపడేవాడు.

ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగాడు, నువ్వు చూసినవా అని. చూసినన్నా అన్నాను. నిజమే కదా, చూశాను. మర్నాడు వదిన సర్వపిండి చేసి పంపింది. తిన్నాను.

క్లాంపు బోల్టులు మాత్రం చాలా మెల్లగా బిగించమని చెప్పాను. ఎంత బిగుతు పడిందో కొలిచే చిన్న టార్క్ రెంచ్ కూడా అక్కడి నుంచే తెప్పించుకున్నాను. కార్బన్‌కు బిగుతు ఐదు దాటకూడదు; రెంచ్‌ను ఐదు మీద పెడితే ఆ బిగుతు రాగానే టిక్కుమంటుంది. తీసుకుపొమ్మన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఐదంటే ఎంతో నాకు ఒక్కసారి చేతికి చూపెట్టు చాలు అన్నాడు. నా సైకిల్ బోల్టు మీద చూపించాను. ఇంటికి పోయి తన చేత్తోనే బిగించుకున్నాడు.

మూడో వారం, కుప్ప దిగుతుండగా హ్యాండిల్ విరిగింది. వెనకాలే ఉన్నాను. కుడి పక్కకు పడ్డాడు. భుజం ఎముక విరిగింది, మణికట్టు విరిగింది. ఆయన్ను దవాఖానలో చేర్చి, సైకిల్‌ను ట్రాలీ ఆటోలో మా ఇంటికి తెచ్చాను.

హ్యాండిల్ క్లాంపుకు సరిగ్గా రెండు వేళ్ల అవతల విరిగింది.

మర్నాడు పొద్దున దవాఖానకు పోయేముందు రెంచ్ తీశాను. ఐదు మీద పెట్టి నాలుగు బోల్టులూ చూశాను. ఒక్కటీ కదలకుండానే టిక్కుమంది. ఆరు మీద పెట్టాను. నాలుగూ కాస్త కాస్త కదిలాకే టిక్కుమన్నాయి. అంటే ఆయన చెయ్యి ఐదు దగ్గర ఆగింది. ఒక్కసారి చూపిస్తే చాలన్న మనిషి, నాలుగింటినీ ఐదు దగ్గరే ఆపాడు. మీ దగ్గర దాచను, అవి ఎక్కువ బిగిసి ఉండాలని దేవుడికి మొక్కుకుంటూ చూశాను. తర్వాత, చవక రెంచ్ కదా, తప్పు చూపిస్తుందేమో అని కూడా అనుకున్నాను. నా మొక్కు ఫలించి ఉంటే అదే రెంచ్‌ను నమ్మేవాణ్ణి.

దవాఖానలో కొమురన్న చేతికి పట్టీతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే అడిగాడు.

"తమ్మీ, నేనే ఎక్కువ బిగించిన్నా?"

ఆయనే అడిగాడు. దారి ఆయనే చూపించాడు. నేను కిటికీ వైపు చూశాను.

"బాయి చెయ్యి గదన్నా. కార్బన్ ఆగలే."

"నువ్వు చెప్తనే ఉన్నవ్, మెల్లగ బిగించుమని. నాదే తప్పు."

"ఫికర్ చెయ్యకన్నా."

"ఆ ముక్క ఒక్కసారి తెచ్చి చూపెడ్తవా?"

"సెక్యూరిటోళ్లు ఎత్తుకపోయిన్రు."

ఆ ముక్క మా ఇంట్లోనే ఉంది. ఆయన చూస్తే చాలు, ఎక్కువ బిగిస్తే విరగాల్సిన క్లాంపు దగ్గర విరగలేదని ఒక్క క్షణంలో పట్టేస్తాడు. ఆ సాయంత్రమే తీసుకుపోయి, నీళ్లు నిండిన పాత క్వారీలో పారేశాను. పారేయమని అమ్మినవాడు చెప్పిన రెండు నెలలకు పారేశాను.

నా అబద్ధాన్ని ఆయన ఎందుకంత తేలిగ్గా నమ్మాడో మీకు చెప్పాలి. బాయి ఫిట్టర్లకు ఒక అలవాటు ఉంటుంది. కింద అదురుకు ప్రతిదీ వదులవుతుందని, ఒంటి బరువంతా స్పానర్ మీద వేసి బిగిస్తాం. ఇంటికొచ్చి కూడా అదే చెయ్యి. మాలో నల్లా విరగ్గొట్టని వాడు లేడు, ఫ్యాను బోల్టు తెంపని వాడు లేడు. మా ఇళ్లలో ఆడవాళ్లు గ్యాసు పైపు ముట్టనివ్వరు. అందుకే ఎవరూ అనుమానపడలేదు. షిఫ్టు మొత్తం నవ్వింది, కొమురన్న సైకిల్‌ను గూడ తాడు క్లాంపు అనుకున్నడు అని. నేనూ నవ్వాను.

ఎముకలు అతుక్కున్నాయి. మళ్లీ డ్యూటీకి వచ్చాడు. క్లాంపు బిగించి నన్ను పిలిచేవాడు, ఒక్కసారి నువ్వు చూడు తమ్మీ అని. మొదట్లో రోజుకొకసారి. తర్వాత ప్రతి క్లాంపుకూ. ఎక్కువ బిగిస్తానేమోనన్న భయంతో చెయ్యి ముందే ఆపేసేవాడు. ఒకరోజు షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ తనిఖీలో ఆయన బిగించిన క్లాంపు వదులుగా దొరికింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు కూడా. ఆయనే ఆఫీసుకు పోయి, నాకు పైన పని ఇయ్యుండ్రి అని కాగితం రాసిచ్చాడు. ఇప్పుడు లాంప్ రూములో ఉంటాడు, దిగేవాళ్లకు తలలైట్లు అందిస్తాడు. ఆయన తాడు, ఆయన క్లాంపులు నాకు వచ్చాయి. షిఫ్టుకు ముందు రోజూ ఆ రూము కిటికీ దగ్గర ఆయన చేతి నుంచే లైటు తీసుకుంటాను.

నిజం చెబితే నాకు ఏం పోయేది? ఉద్యోగం పోదు. కేసు ఉండదు. ఆయన నన్ను చూసే చూపు మారుతుంది, అంతే. నా మీద ఆ చూపు పడకూడదని, ఆయన తన చేతుల్ని తానే అసహ్యించుకునేట్టు చేశాను.

మొన్న గనుల రక్షణ వారోత్సవాల్లో ఆయన్ను స్టేజీ ఎక్కించారు. ఇన్నేళ్ల సర్వీసులో చేసిన తప్పు ఒకటి చెప్పమంటే, ఈ హ్యాండిల్ కథ చెప్పాడు. "నా చెయ్యి మీద నాకు గర్వముండె. గా గర్వమే నన్ను పడగొట్టింది. పిల్లలారా, చేతిని నమ్మకుండ్రి" అన్నాడు. ఆ చెయ్యి ఎత్తి చూపించాడు. కొత్తగా చేరిన ఫిట్టర్లు నలభై మంది ముందు వరసల్లో కూర్చుని విన్నారు. ఆయనకు స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా ఆఖరున ఆపింది నేనే.

ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. ఇదివరకు ఆ అబద్ధం ఆయన ఒక్కడి దగ్గరే ఉండేది. ఇప్పుడు దాన్ని పాఠంగా నేర్చుకుని నలభై మంది బాయిలోకి దిగుతున్నారు.

ఆయనకు చెప్తానా? తెలియదు. చెప్తానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు, అందుకే రాయను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క మనిషి ముందైనా ఈ మాట అనాలని ఇంతసేపు కూర్చున్నాను. అంటున్నాను. కొమురన్న సరిగ్గానే బిగించాడు. నాకు తెలుసు. దవాఖానలో కిటికీ వైపు చూస్తూ నిలబడ్డప్పుడు కూడా తెలుసు.