టేపుల్లో బతికి ఉన్న ఆడవాళ్లు

మాదాపూర్‌లో అప్పుడు ఆఫీసులకన్నా బండరాళ్లే ఎక్కువ. ఒక కొత్త బిల్డింగు రెండో అంతస్తులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అమెరికా డాక్టర్లు తమ పేషెంట్ల గురించి టేపుల్లో చెప్పింది చెప్పినట్టు టైపు చేయడం నా ఉద్యోగం. శిక్షణలో మా సారు, ఇంగ్లీషు మాటలు ఒంటరిగా తిరగవు, జంటలుగా పట్టుకోండి అంటూ బోర్డు మీద రాశారు: బ్రెస్ట్ ఫీడింగ్, బ్రెస్ట్ టెండర్‌నెస్, బ్రెస్ట్ లంప్, బ్రెస్ట్ బయాప్సీ. అందరం గట్టిగా పలకాలట. ఇంట్లో జాకెట్టు అనడానికే గొంతు తగ్గించే ఆడపిల్లలం, పలికి చావలేక తలలు దించుకున్నాం. ఆర్నెల్లు తిరిగేసరికి సిగ్గూ లేదు, గిగ్గూ లేదు. డాక్టరు మొదటి మాట అనగానే రెండోది నా వేళ్లే కొట్టేసేవి.

మా ఫ్లోరు ఊడ్చి తుడిచే ఆమెది పాలమూరు వైపు. హఫీజ్‌పేటలో కిరాయికుండేది. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లల తల్లి. ఓ మధ్యాహ్నం నన్ను పక్కకు పిలిచి రొమ్ములో గడ్డ ఉందని చెప్పింది. మూడు నెలలైందట. పసుపు పట్టు వేసిందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

"దవాఖాన మాటలే రాస్తవు గద మేడం, జర చెప్పు. నొప్పైతే లేదు, గందుకే ఫికర్ చేస్తలేను."

నా టేపుల్లో నొప్పి లేని గడ్డ తర్వాత వచ్చేది బయాప్సీ. ఆ తర్వాత ఏమొస్తుందో కూడా నా వేళ్లకు తెలుసు. ఈ ఒక్కసారి నా అంచనా తప్పు కావాలని దండం పెట్టుకున్నాను. తప్పు కాలేదు.

పెద్ద దవాఖానకు నేనే తీసుకెళ్లాను. పరీక్షలన్నీ చేసి, ఎడమ రొమ్ము తీసేయాలన్నారు. వద్దని ఆమె ఏడుస్తుంటే, పిల్లలకు తల్లి అక్కర్లేదా అని కసిరాను. నా నోరు మంచిది కాదు. ఇంటికెళ్లి నేనూ ఏడ్చాను.

ఆపరేషనైన మూడు నెలలకు మళ్లీ పనిలోకి వచ్చింది. పైట పదేపదే సర్దుకునేది. ఒకరోజు చీపురు పక్కన పెట్టి నా కుర్చీ దగ్గర నిలబడింది.

"అమెరికాల నా లెక్క తీయించుకున్నోళ్లు బతికిన్రా మేడం?"

టేపుల్లో వాళ్లూ ఉన్నారని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆ రోజు నుంచి వాళ్ల కోసమే చెవి ఒగ్గి విన్నాను. పేర్లు ఎత్తకుండా ఆమెకు చెప్పేదాన్ని. ఒక టీచరమ్మకు ఆపరేషనై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పికని వచ్చిన ఒక ముసలమ్మకు పంతొమ్మిది. ఆ పంతొమ్మిదిని మళ్లీ మళ్లీ చెప్పించుకుని, అన్నేళ్లకి తన చిన్న కూతురు పెద్దదైపోతుందని మురిసిపోయింది. ఇక రోజూ టీ టైముకి వచ్చి, ఇయ్యాల ఎవరొచ్చిన్రని అడిగేది.

ఒక వారం ఒక్కరూ రాలేదు. అన్నీ బీపీలు, జలుబులు. ఆమె ముఖం చూడలేక పన్నెండేళ్ల కిందట ఆపరేషనైన ఒకావిడను కల్పించాను. అరవయ్యో ఏట ఈత కూడా నేర్పించాను ఆవిడకి. మర్నాడు ఇంకొకరిని. మూడో రోజు ఆమె నవ్వి నా చేయి పట్టుకుంది.

"నీకు అబద్ధమాడుడు చేతగాదు మేడం. ఐనా చెప్పు. ఇంటుంటే బతకబుద్దైతది."

ఆ రోజు ఇద్దరి గురించి చెప్పాను.